మొదటి సంవత్సరం విద్యార్థులకు మెంటర్‌గా ఒక ఏడాది: నా అనుభవం

విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులకు మెంటర్‌గా ఉండమని మా విభాగం నాకు అప్పగించిన పని రెండో సెమిస్టర్ ఫలితాలతో పూర్తయింది. ఈ బాధ్యతను కొత్తగా తీసుకోబోతున్న అధ్యాపకులు కొందరు ఈ మధ్య నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: అసలు ఇందులో చేయవలసింది ఏమిటి? ఉత్తర్వులో ఉండేది ఒకే వాక్యం, "విద్యార్థులకు విద్యాపరమైన మార్గదర్శకత్వం అందించవలెను" అని. ఆ వాక్యం కింద ఏ వారం ఏం జరుగుతుందో, ఏ పనికి ఎంత కాలం పడుతుందో, ఎక్కడ మనసు కష్టపడుతుందో నాకు ముందు చెప్పినవారు లేరు. అందుకే జరిగినవి దాదాపు జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

తరగతులు మొదలవడానికి వారం రోజుల ముందు జాబితా చేతికి వచ్చింది. పాతికమంది పేర్లు, ఫోన్ నంబర్లు, అంతకుముందు చదువులో వచ్చిన మార్కులు అందులో ఉన్నాయి. మార్కుల వరుస చూడగానే ఎవరికి సాయం అవసరమో, ఎవరు తమంతట తాము నెట్టుకురాగలరో మనసు లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క సెమిస్టర్ సగానికల్లా తలకిందులైంది. మంచి మార్కులతో వచ్చినవారిలో కొందరే మొదట తడబడ్డారు, ఎందుకంటే అంతవరకు వారికి ఎదురుపడని కష్టం ఇక్కడే మొదటిసారి ఎదురైంది. జాబితాలో లేని సంగతులే నాకు ఎక్కువగా ఉపయోగపడ్డాయి. ఇంట్లో ఇంతకుముందు విశ్వవిద్యాలయంలో చదివినవారు ఎవరైనా ఉన్నారా, పాఠశాలలో చదువు ఏ భాషలో సాగింది, రోజూ రాకపోకలకు ఎంత సమయం పోతుంది, చదువుతోపాటు ఏదైనా పని చేస్తున్నారా అనే ప్రశ్నలతో చిన్న కార్డు ఒకటి తయారుచేసి మొదటి రోజే నింపించుకున్నాను. ఏడాది పొడవునా నేను తిరగేసింది ఆ కార్డులనే.

ఓరియెంటేషన్ రెండు రోజులు జరిగింది. వేదిక మీదికి ఒకరి తరువాత ఒకరు వచ్చి గ్రంథాలయం గురించి, నియమావళి గురించి, పరీక్షల పద్ధతి గురించి, క్రమశిక్షణ గురించి మాట్లాడారు. చెప్పినవన్నీ అవసరమైనవే, కానీ వినేవారి ధ్యాస ఆ రెండు రోజులూ వేరే చోట ఉంటుంది. హాస్టల్ గదిలో తోడు ఎవరు వస్తారో, పోర్టల్ పాస్‌వర్డ్ ఎందుకు పనిచేయడం లేదో, మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చోవాలో అనే బెంగ ముందు మిగిలినవన్నీ వెనక్కి పోతాయి. మూడో రోజు నేను తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, విన్నవాటిలో గుర్తున్నవి రాయమన్నాను. గుర్తింపు కార్డు ఎక్కడ ఇస్తారో దాదాపు అందరూ రాశారు. ఎంచుకున్న కోర్సును మార్చుకోవడానికి ఆఖరు తేదీ ఏదో ఇద్దరే రాశారు, ఆ ఇద్దరిలో ఒకరిది తప్పు. ఆ కాగితాలు చదివిన తరువాత మొదటి వారంలో చెప్పవలసినవి చాలా తక్కువని నాకు తేలిపోయింది. దాటితే తిరుగులేని గడువులు ఏవో, ఏ పనికి ఏ గదికి వెళ్లాలో చెబితే ఆ వారానికి చాలు. ఎలా చదవాలి, సమయాన్ని ఎలా సర్దుకోవాలి అనే మాటలు ఆ రోజుల్లో ఎంత బాగా చెప్పినా గాలికి పోతాయి.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలోని సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో 1970లో విద్యార్థుల అల్లర్లు చెలరేగిన తరువాత, కొత్తగా వచ్చినవారికి సంస్థతో అనుబంధం ఏర్పడాలనే ఉద్దేశంతో 1972లో 'యూనివర్సిటీ 101' అనే కోర్సు మొదలైంది. దాన్ని ఒకటి రెండు రోజుల ఉపన్యాసాలుగా ముగించకుండా సెమిస్టర్ పొడవునా నడిచే తరగతిగా పెట్టారు, ఆ తరువాత ఎన్నో విశ్వవిద్యాలయాలు అదే దారి పట్టాయి. మాకు కొత్త కోర్సు పెట్టే వీలు లేకపోవడంతో వారానికి ఒక్క గంట కేటాయించమని కోరాను. ఆ గంట టైమ్‌టేబుల్‌లోకి ఎక్కడానికి మూడు వారాలు పట్టింది. అంతవరకు మధ్యాహ్న విరామంలో ఖాళీగా దొరికిన గదిలో కూర్చున్నాం. ఈ పని చేపట్టేవారు ఆ గంటను తరగతులు మొదలవడానికి ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే టైమ్‌టేబుల్ ఒకసారి ఖరారయ్యాక దాన్ని కదిలించడానికి ఎవరూ ఇష్టపడరు.

గది తలుపు తీసి ఉంచి "ఎప్పుడైనా రండి" అంటే విద్యార్థులు వస్తారని అధ్యాపకుల్లో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది. మొదటి రెండు వారాలు ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదని తరువాత నెమ్మదిగా అడిగితే ఒకరు "మీకు పని ఉంటుందేమోనని మేడం" అన్నారు, మరొకరు ఏమని అడగాలో తెలియలేదన్నారు. "ఇంత చిన్న విషయం కూడా తెలియదా అని అనుకుంటారేమోనని భయం వేసిందండి" అని ఒక అబ్బాయి చెప్పిన మాట మాత్రం మిగిలిన అందరి తరఫునా చెప్పినట్టే ఉంది. ఎప్పుడైనా రావచ్చు అనే పిలుపు ఇప్పటికే ధైర్యం ఉన్నవారికే పనికివస్తుంది. మూడో వారంలో ప్రతి ఒక్కరి పేరు ఎదుట రోజు, సమయం రాసి తలుపు మీద అతికించాను. మనిషికి పావుగంట. పేరు పెట్టి పిలిస్తే రాని వారు చాలా అరుదు. అయితే సమయం మార్చమని పదే పదే అడిగినవారి మీద ఒక కన్ను వేసి ఉంచాలని ఆ వారంలోనే నాకు అర్థమైంది, ఎందుకంటే తరువాత ఇబ్బంది పడినవారిలో ఎక్కువమంది వాళ్లే.

ఆ పావుగంటలో "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది మేడం" అనే జవాబు తప్ప మరొకటి రాదు. నేను అడిగిన ప్రశ్న వేరు: "నిన్న సాయంత్రం తరగతులు అయిపోయినప్పటి నుంచి పడుకునే దాకా ఏమేం చేశావో వరుసగా చెప్పమ్మా." ఈ ప్రశ్నకు తప్పు జవాబు ఉండదు కనుక అందరూ నోరు విప్పుతారు. ఒక అబ్బాయి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుందని, ఆ తరువాత చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పి, పుస్తకం తెరిచేసరికి రాత్రి పదకొండు అవుతుందని చెప్పాడు. అతనికి సమయపాలన మీద పాఠం చెప్పి లాభం లేదు. తరగతికీ తరగతికీ నడుమ దొరికే ఖాళీ గంటలను గ్రంథాలయంలో గడపడం ఎలాగో మాట్లాడుకున్నాం. ఒక అమ్మాయి తన నోట్‌బుక్ తీసి చూపించింది. తరగతిలో తెరపై కనిపించిన ప్రతి అక్షరాన్నీ దించుకుని, ఇంటికి వెళ్లి దాన్నంతా మళ్లీ నాలుగు రంగుల కలాలతో అందంగా ఎత్తి రాసింది, శీర్షికలకు ఎరుపు, నిర్వచనాలకు ఆకుపచ్చ. అంత శ్రద్ధగా రాసిన పేజీలో ఏ నిర్వచనం చూపించి అడిగినా పుస్తకం చూడకుండా చెప్పలేకపోయింది. రోజుకు మూడు గంటలు దానికే పోతున్నాయి. ఆమె బద్ధకస్తురాలు కాదు, పాఠశాలలో ఆమెకు మెప్పు తెచ్చిన పనినే ఇక్కడా నమ్మకంగా చేస్తోంది.

నాలుగో వారంలో అందరి చేతా ఒక పని చేయించాను. ప్రతి కోర్సు సిలబస్‌లోనూ అసైన్‌మెంట్లు, పరీక్షలు ఎప్పుడెప్పుడో ఉంటాయి, కానీ అవి అయిదారు వేర్వేరు కాగితాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. వాటన్నిటినీ ఒకే పెద్ద కాగితం మీద వారాల వారీగా దింపమన్నాను. ఏడో వారం గడిలో నాలుగు గడువులు ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరేసరికి గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇవన్నీ ఒకే వారంలోనా మేడం?" అని ఒకరు అడిగారు. వాళ్లను కంగారుపెట్టడం నా ఉద్దేశం కాదు కనుక, అదే కాగితం మీద అయిదో వారంలో ఏ అసైన్‌మెంట్ మొదలుపెట్టవచ్చో పెన్సిల్‌తో రాయించాను. ఒక సహాధ్యాపకుడికి ఆ కాగితం చూపిస్తే తన గడువును ఒక వారం పొడిగించారు. విద్యార్థులు అడిగితే జరిపేవారో లేదో తెలియదు గానీ, కాగితం అడిగితే జరిపారు.

చదివే పద్ధతి గురించి నోరు తెరిచింది అయిదో వారంలోనే. ఎలా చదువుతారని అడిగితే పాతికమందిలో దాదాపు అందరూ ఒకటే చెప్పారు: రెండు మూడు సార్లు చదవడం, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీయడం. మళ్లీ మళ్లీ చదవడం మానండి అంటే వినరు, వినాలని ఆశించడం కూడా న్యాయం కాదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాన్ని వాళ్లకు వివరించాను. కొందరు విద్యార్థులు ఒక గద్యభాగాన్ని చదివి మళ్లీ చదివారు, మరికొందరు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పెడితే లెక్క మారింది, మూసేసి రాసినవారికి 56 శాతం గుర్తుంటే మళ్లీ చదివినవారికి 42 శాతమే గుర్తుంది. వింటున్నప్పుడు అందరూ తలలు ఊపారు. తలలు ఊపినంత మాత్రాన అలవాటు మారదని తెలుసు కనుక, వాళ్ల పాఠ్యపుస్తకంలోని రెండు పేజీలతోనే అక్కడికక్కడ ఆ పని చేయించాను.

ఇక్కడ ఒక సంగతి ముందుగా తెలిసి ఉండాలి. పుస్తకం మూసి రాయడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో విద్యార్థులకు తాము ఏమీ నేర్చుకోవడం లేదనే అనిపిస్తుంది. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి కలం ఆగిపోతుంది, చదివినదంతా వృథా అనే నిస్పృహ మొహంలో కనిపిస్తుంది. చదివిన పేజీనే మరోసారి చదివితే కళ్లకు అలవాటైన వాక్యాలు సాఫీగా సాగిపోయి అంతా వచ్చేసినట్టు తృప్తి కలుగుతుంది. పైన చెప్పిన పరిశోధకులు చేసిన రెండో ప్రయోగంలోనూ పదే పదే చదివినవారికే తమకు బాగా గుర్తుంటుందనే నమ్మకం ఎక్కువగా ఉంది. రంగు కలాల అమ్మాయి ఈ పని మొదలుపెట్టిన రెండో వారానికే విసుగు చెంది, "ఇలా చేస్తే నాకు ఏమీ రాదని తెలిసిపోతోందండి, పాత పద్ధతిలోనే ధైర్యంగా ఉండేది" అంది. నేను వాదించలేదు. ఎత్తి రాయడానికి పోయే మూడు గంటల్లో ఒక గంట మాత్రం నాకు ఇమ్మన్నాను, మిగిలిన రెండూ ఆమె ఇష్టం. ఒక్క గంటకే ఒప్పించడం వల్ల ఆ పని ఆగకుండా సాగిందని నా అభిప్రాయం. ఎనిమిదో వారానికి రంగు కలాలు రెండుకు తగ్గాయి.

ఏడో వారంలో మొదటి ఇంటర్నల్ పరీక్షలు జరిగాయి. మార్కులు వారంలో వస్తాయని ప్రకటించారు. దాదాపు మూడు వారాలు పట్టింది. ఏడాది మొత్తంలో నాకు కష్టంగా గడిచిన కాలం అదే. బాగా రాయలేదని అనుకున్నవారు ఎంత పోయిందో తెలియక తరగతులకు రావడం తగ్గించారు, బాగా రాశామనుకున్నవారు చదవడం తగ్గించారు. ఆ మూడు వారాల్లో పాఠాలు ముందుకు పోతూనే ఉన్నాయి. మొదటి సంవత్సరంలో తొలి పరీక్ష చిన్నదైనా సరే, నాలుగో వారంలోపే పెట్టి, దిద్దిన కాగితం అయిదు రోజుల్లో చేతికి ఇవ్వాలని నేను గట్టిగా నమ్మడం మొదలుపెట్టింది అప్పటి నుంచే. తాము ఎక్కడ ఉన్నారో పదో వారంలో తెలిస్తే సర్దుకోవడానికి సెమిస్టర్‌లో మిగిలేది ఏమీ ఉండదు.

మార్కులు వచ్చిన రోజు సాయంత్రం, పాఠశాలలో ఎప్పుడూ మొదటి స్థానంలో ఉంటూ వచ్చిన ఒక విద్యార్థిని నా గదికి వచ్చింది. గణితంలో ఉత్తీర్ణత మార్కుకు చాలా దూరంలో ఆగిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఇంట్లో ఏమని చెప్పాలి మేడం? నాకు మార్కులు తగ్గడం వాళ్లు ఎప్పుడూ చూడలేదు" అని మాత్రం అని ఏడ్చేసింది. అటువంటప్పుడు "పర్వాలేదు, వచ్చే పరీక్షలో చూసుకోవచ్చు" అనే మాట నోటి చివరి దాకా వస్తుంది. అది ఓదార్పు కాదు, విషయాన్ని మూసేయడం. ఏడుపు తగ్గేదాకా ఆగి, జవాబుపత్రం తెచ్చావా అని అడిగాను. మడిచి సంచి అడుగున పెట్టేసింది. ఇద్దరం దాన్ని బల్ల మీద పరిచి, పోయిన ప్రతి మార్కు పక్కన ఎందుకు పోయిందో రాశాం. ఒక ప్రశ్న "నిరూపించండి" అని అడిగితే ఆమె ఉదాహరణ రాసి వదిలేసింది, పాఠశాలలో దానికే మార్కులు వచ్చేవట. రెండు ప్రశ్నలు అసలు తెలియవు. ఆఖరు ప్రశ్న తెలిసినా సమయం చాలలేదు, ఎందుకంటే మొదటి ప్రశ్నకు ముప్పావుగంట ఖర్చయింది. అరగంట అయ్యేసరికి "నాకు గణితం రాదు" అన్న మాట పోయి, ఆమె నోట "నిరూపణలు ఎలా రాయాలో నేర్చుకోవాలి" అన్న మాట వచ్చింది.

ఈ పనినే ఆ తరువాతి వారం అందరి చేతా చేయించాను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మార్షా లవెట్ రూపొందించిన పద్ధతి ఇది. దిద్దిన జవాబుపత్రంతోపాటు ఒక చిన్న కాగితం ఇచ్చి, పరీక్షకు ఎలా సిద్ధమయ్యారు, మార్కులు ఎటువంటి పొరపాట్ల వల్ల పోయాయి, వచ్చే పరీక్షకు ఏది మార్చుకుంటారు అని రాయిస్తారు. ఆ కాగితాలను సేకరించి దాచి, తరువాతి పరీక్షకు పది రోజుల ముందు తిరిగి ఎవరిది వారికి ఇవ్వాలి. అసలు పని చేసేది ఆ తిరిగి ఇవ్వడమే. "ముందు రోజు రాత్రి మొదలుపెట్టాను, ఈసారి అలా చేయను" అని తమ చేతిరాతలోనే ఉన్న మాటను చూసి నవ్వుకున్నవారు ఉన్నారు, నవ్వుకుంటూనే పుస్తకం తెరిచినవారూ ఉన్నారు.

ఆ విద్యార్థినిని గణితం అధ్యాపకుల దగ్గరికి వెళ్లి అడగమంటే వారం గడిచినా వెళ్లలేదు. ఒకరోజు నేనే ఆమెతో కలిసి నడిచి ఆయన గది దాకా వెళ్లాను. తలుపు బయట ఆమె తన ప్రశ్నను రెండుసార్లు నాకు చెప్పి చూసుకుంది. లోపలికి మాత్రం ఒక్కతే వెళ్లింది. బయటికి వచ్చాక, "ఆయన కోప్పడలేదండి, వేరే పుస్తకంలో ఒక అధ్యాయం చూడమన్నారు" అని ఆశ్చర్యంగా చెప్పింది. ఆ తరువాత నా తోడు అవసరం కాలేదు. అధ్యాపకుల గదికి వెళ్లడం ఎలాగో ఎవరూ నేర్పరు, అది అందరికీ తెలిసినదేనని అనుకుంటాం. ఇంట్లో ఇంతకుముందు ఈ చదువు చదివినవారు లేని పిల్లలకు అది తెలిసే దారి లేదు.

తొమ్మిదో వారంలో సీనియర్లతో ఒక గంట ఏర్పాటు చేశాను. వాల్టన్, కోహెన్ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనం నాకు మనసులో ఉంది. మొదటి సంవత్సరంలో "ఇది నాకు తగిన చోటు కాదేమో" అనే సందేహం దాదాపు అందరికీ కలుగుతుందని, కాలంతోపాటు అది తగ్గిపోతుందని సీనియర్ల మాటల్లో తెలియజేసిన ఒక గంట కార్యక్రమం ఫలితం, నల్లజాతి విద్యార్థుల గ్రేడ్లలో మూడేళ్లపాటు కనిపించిందని అందులో ఉంది. అదే ఫలితం ప్రతిచోటా వస్తుందని నేను అనను. అయినా సీనియర్లను పిలిచేటప్పుడు ర్యాంకుల జాబితా పక్కన పెట్టి, మొదటి సెమిస్టర్‌లో ఇబ్బంది పడి నిలదొక్కుకున్నవారినే పిలిచాను, ఏం మాట్లాడబోతున్నారో ముందే కూర్చుని విన్నాను. ముందే వినడం తప్పనిసరి. సీనియర్లలో కొందరు మంచి మనసుతోనే "ఆఖరు వారం పాత ప్రశ్నపత్రాలు చూసుకుంటే చాలు" వంటి సలహాలు ఇస్తారు, ఆ సలహా పనిచేసిన ఒకరిద్దరి కథలు తప్ప పనిచేయనివారి కథలు అక్కడ వినిపించవు. ఒక కోర్సును రెండుసార్లు రాసి గట్టెక్కిన మూడో సంవత్సరం విద్యార్థి తన మార్కుల పత్రం తెచ్చి చూపించాడు. పిల్లలు నన్ను ఎన్నడూ అడగని ప్రశ్నలు అతన్ని అడిగారు. చాలావరకు డబ్బు గురించి, ఇంటి గురించి.

గణితం మీద ప్రత్యేక తరగతులు పెట్టాలని అనుకున్నప్పుడు, తక్కువ మార్కులు వచ్చినవారికి మాత్రమే పెడదామని విభాగంలో ఒక ప్రతిపాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మిస్సోరి విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ శాఖలో 1973లో మొదలైన 'సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్' అనే పద్ధతిలో బలహీనమైన విద్యార్థులనే ముద్ర ఉండదు. ఎక్కువమంది తప్పే కష్టమైన కోర్సును ఎంచుకుని, ఆ కోర్సు చదివే అందరికీ తలుపు తెరుస్తారు, అదే కోర్సు బాగా పూర్తిచేసిన సీనియర్ దాన్ని నడుపుతారు. మేమూ అలాగే చేశాం. మంచి మార్కులు వచ్చినవారు కూడా రావడంతో తక్కువ వచ్చినవారికి సిగ్గు పోయింది. సీనియర్‌కు నేను పెట్టిన షరతు ఒకటే, పాఠం మళ్లీ చెప్పకూడదు, లెక్కను బోర్డు మీద పిల్లల చేతే చేయించాలి. ఈ షరతు నిలబెట్టుకోవడం వారికి ఎంత కష్టమో చూసి ఒక్కోసారి నవ్వు వచ్చేది, సుద్దముక్క చేతిలోకి వస్తే వదలడం అధ్యాపకులకే చేతకాదు.

ఖర్చు విషయానికి వస్తే, జిరాక్సులు, కాగితాలు తప్ప డబ్బు పెద్దగా పోలేదు. పోయింది సమయం. వారానికి ఒక గంట అని టైమ్‌టేబుల్‌లో ఉన్న పని మామూలు వారాల్లో నాలుగైదు గంటలు, పరీక్షల ముందు అంతకు రెట్టింపు తీసుకుంది. నేను రాయవలసిన పరిశోధన వ్యాసం ఒక సెమిస్టర్ వెనకబడింది. రాత్రి పొద్దుపోయాక వచ్చే సందేశాలకు తెల్లవారాక జవాబిస్తానని, ప్రాణం మీదికి వచ్చిన సంగతి అయితే మాత్రం ఏ వేళకైనా ఫోన్ చేయమని మొదట్లోనే చెప్పి ఉంచాను. అటువంటి ఫోన్ ఒకటి వచ్చింది. దాని వివరాలు ఇక్కడ రాయను. మెంటర్ కౌన్సెలర్ కాదని, ఆ పనికి శిక్షణ ఉన్నవారి చేతికి విద్యార్థిని భద్రంగా అందించడమే తన పని అని ఆ రాత్రి నాకు బాగా తెలిసివచ్చింది. మామూలుగా కౌన్సెలర్‌ను కలవడానికి రెండు వారాలు ఆగాలి, అత్యవసరమైతే అదే రోజు చూస్తారు. ఆ అత్యవసర నంబర్ ఏదో మొదటి వారంలోనే తెలుసుకుని ఫోన్‌లో దాచుకోవాలి, వెతుక్కునే వ్యవధి అప్పుడు ఉండదు.

హాజరు సంగతి ఎవరూ ఊహించని చోట దెబ్బ తీసింది. పదమూడో వారంలో పోర్టల్‌లో ఇద్దరికి పరీక్ష రాయడానికి అర్హత లేదని చూపించింది. వాళ్లు తరగతులకు వచ్చారు, కానీ మొదట్లో కోర్సులో సెక్షన్ మారినప్పుడు పాత సెక్షన్‌లోని హాజరు కొత్తదానికి బదిలీ కాలేదు. సరిచేయడానికి మూడు సంతకాలు, పది రోజులు పట్టాయి, ఆ పది రోజులూ వాళ్లు చదివింది తక్కువ, వరండాలో నిలబడింది ఎక్కువ. సెక్షన్ మారినవారు ఎవరైనా ఉంటే అయిదో వారంలోనే పోర్టల్ తెరిచి చూసుకోమనడం ఇప్పుడు నా కార్డులో చేరింది.

ఒక విద్యార్థి మధ్యలో చదువు మానేశాడు. అతనికి చదువు రాక కాదు, ఈ శాస్త్రం అతను ఎంచుకున్నది కాదు. ఇంట్లోవాళ్లు ఎంచుకున్నది. పదో వారంలో వచ్చి, "నేను వెళ్లిపోవాలనుకుంటున్నాను మేడం, మీరు ఆపుతారేమోనని ఇన్నాళ్లు చెప్పలేదు" అన్నాడు. ఆపలేదు. కోర్సు నుంచి తప్పుకుంటే మార్కుల పత్రంలో తప్పినట్టు పడకుండా ఉండే గడువు ఇంకా నాలుగు రోజులే ఉందని చెప్పి, ఆ ఫారం ఎక్కడ దొరుకుతుందో చూపించాను. ఇంట్లో చెప్పడానికి తోడు కావాలని అడిగితే ఫోన్‌లో వాళ్ల నాన్నగారితో మాట్లాడాను. అది సులువైన సంభాషణ కాదు. విభాగం లెక్కల్లో అతను నా జాబితాలో నిలవని విద్యార్థిగానే మిగిలాడు. సమయానికి, మచ్చ పడకుండా, తనకు ఇష్టమైన చదువు వైపు వెళ్లినవాణ్ని ఆ గడిలో రాయడం నాకు ఇప్పటికీ నచ్చదు.

రెండో సెమిస్టర్ త్వరగా గడిచింది. వారపు గంటకు వచ్చేవారు సగమయ్యారు, దానికి నేను నొచ్చుకోలేదు, రానివారిలో చాలామందికి ఇక అవసరం లేదు. గడువుల కాగితం మాత్రం నేను చెప్పకుండానే ఎక్కువమంది మొదటి వారంలోనే తయారుచేసుకున్నారు. మొదటి సెమిస్టర్‌లో గణితం తప్పిన ఆ విద్యార్థిని సప్లిమెంటరీలో గట్టెక్కింది, మంచి మార్కులేమీ కాదు, గట్టెక్కింది. నిరూపణలు రాసిన నోట్‌బుక్‌ను ఇప్పుడు వేరే వాళ్లు అడిగి తీసుకుంటున్నారని ఆమె చెప్పింది.

సప్లిమెంటరీ మాట వచ్చింది కనుక, ఫలితాలు వచ్చిన వారంలో మెంటర్ దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్న గురించి కూడా చెప్పాలి. జవాబుపత్రం మళ్లీ దిద్దమని దరఖాస్తు పెట్టినవారు, ఆ ఫలితం వచ్చాక సప్లిమెంటరీ సంగతి చూసుకోవచ్చని ఆగుతారు. మా దగ్గర పునర్మూల్యాంకనం ఫలితం రావడానికి నెలకు పైగా పడుతుంది, సప్లిమెంటరీ ఫీజు గడువు అంతకు చాలా ముందే ముగుస్తుంది. రెండు దరఖాస్తులూ ఒకేసారి పెట్టుకోవాలి. పునర్మూల్యాంకనంలో ఉత్తీర్ణులైతే కట్టిన పరీక్ష ఫీజు తిరిగి రాదు, అయినా కట్టడమే నయం, గడువు దాటితే మళ్లీ ఆ పరీక్ష వచ్చేది ఏడాది తరువాతే.